చీటీకెక్కని మాట

ఆ ఏడు వానాకాలమంతా మా ఇంట్లో 'క' నడిచింది.

నేను నిఘంటువు కార్యాలయంలో పనిచేసేదాన్ని. వానలు వెలిసేలోగా 'క' సంపుటం ప్రెస్సుకి వెళ్ళాలి. మా పనంతా చీటీలతోనే. జానెడు పొడవున్న అట్టముక్క మీద పైన మాట రాయాలి. కింద ఆ మాట వాడిన వాక్యం, విన్నది విన్నట్టు రాయాలి. దాని కింద చెప్పింది ఎవరు, ఎవరి గురించి, ఏ తేదీన అన్నవి ఉండాలి. పేర్లు వద్దు, వరసో వృత్తో చాలు. విన్న గంటలోగా రాసెయ్యాలి. గంట దాటితే ఎదుటివాళ్ళ మాటలో మన మాట కలిసిపోతుంది కాబట్టి ఇక ఆ వాక్యం పారెయ్యాల్సిందే. ఈ రూల్సన్నీ మా సంపాదకుడు పెట్టినవి. ఆయన్ని అందరం పెద్దాయన అనేవాళ్ళం.

నాకా రోజుల్లో రూలంటే ప్రాణం. ఉద్యోగంలో చేరి రెండేళ్ళే అయింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, పెళ్ళిలో పలకరించినవాళ్ళ మాటలు కూడా చెయ్యి కడుక్కోకుండా రాసుకునేదాన్ని.

నా పెట్టెలో సగం చీటీల మీద 'చెప్పింది: భార్య. ఎవరి గురించి: భర్త' అని ఉండేది. ఆ భార్య మా అమ్మ, ఆ భర్త మా నాన్న.

నాన్న బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్. పది చొక్కాలకని ఇచ్చిన గుడ్డలో పదకొండో చొక్కా తీస్తాడని ఆయనకి పేరు. ఇంటిని కూడా ఆ చేత్తోనే కత్తిరించేవాడు. అరిగిపోయిన సబ్బుముక్కలన్నీ తడిపి, నొక్కి, కొత్త సబ్బు చేసేవాడు. టూత్‌పేస్టు ట్యూబు అయిపోతే కత్తెరతో నిలువునా చీల్చి ఇంకో నాలుగు రోజులు లాగేవాడు. ముగ్గురికీ ఒకటే గొడుగు. ఆయన మాటలు కూడా టేపు పెట్టి కొలిచినట్టుండేవి. ఆయన దాచుకున్న మాటలన్నీ అమ్మ వాడేసేది.

ఒక సాయంత్రం అమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. నాన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి పైకి చూశాడు.

"బయట ఇంకా వెలుతురుందిగా," అంటూ లైటు తీసేశాడు.

"చూశావుటే?" అంది అమ్మ నాతో. ఆయన్ని తిట్టాలన్నా నాతోనే అనేది. "పెళ్ళాం వేలు తెగినా ఫరవాలేదు, బల్బు మాత్రం అరక్కూడదు. ఎంగిలి చేత్తో కాకిని తోలే మనిషేనా ఈయన? చేతికంటిన మెతుకు ఎక్కడ కాకి పాలవుతుందోనని బెంగ!"

"ఉండమ్మా, ఉండు. 'కాకి' కింద వేస్తాను. మళ్ళీ చెప్పు."

"రాసుకో. మన కిటికీ మీద ఒకసారి వాలిన కాకి మళ్ళీ వచ్చిందా? వాటికి కూడా తెలిసిపోయింది."

నాన్న మొహం కడుక్కుని తుడుచుకుంటూ నా చీటీ వంక చూశాడు.

"దీనికి రెండువైపులా రాస్తారా, ఒకవైపేనా?"

"ఒకవైపే నాన్నా."

"అయ్యో," అన్నాడు నాన్న, నిజంగా బాధపడి.

అమ్మ కత్తి కింద పెట్టేసి నవ్వింది. ఉల్లిపాయ కళ్ళనీళ్ళూ నవ్వు కళ్ళనీళ్ళూ కలిసి చెంపల మీద కారిపోయాయి. చీకట్లో ఏం కనపడక ఆయన తుండుగుడ్డనే లాక్కుని మొహం తుడుచుకుంది.

అలా వచ్చి పడేవి మాటలు. కక్కుర్తి, కటిక పిసినారి, కూడబెట్టడం, అన్నీ. కొసరుకైతే వెతుక్కోనక్కర్లేకపోయింది. "మీ నాన్న కూరగాయలవాడి దగ్గర కొసరిన కొసరుతోనే ఒక పూట గడుస్తుంది," అంది. నాన్నది ఒక్కటే చీటీ. ఎప్పుడో తలుపు తాళం వేస్తూ, "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి," అన్నాడు. ఎవరి గురించి అన్నచోట ఏం రాయాలో తెలియలేదు. "కొండల గురించని రాయి," అంది అమ్మ.

మా ఆఫీసు పైకప్పు కారేది. చీటీల బీరువాల మధ్య బకెట్లు పెట్టుకుని పనిచేసేవాళ్ళం. ఒకరోజు పెద్దాయన నన్ను పిలిచి ఒక కట్ట ముందుకు తోశాడు. అందులోవన్నీ పాత పుస్తకాల నుంచి ఎత్తి రాసినవే. మాట 'కృపణుడు'.

"అంటే పిసినారే కదండీ?" అన్నాను.

"ఇప్పుడు అంతే. పుట్టినప్పుడు ఆ అర్థం లేదమ్మా దీనికి. ఇది పాత సంస్కృతపు మాట. దీని మూలంలో ఉన్నది ఏడుపు. మొదట్లో ఏడ్చేవాడు, దీనుడు, చూస్తే జాలేసేవాడు అనే అనేవాళ్ళు. ఇవ్వనివాడు అన్న అర్థం తర్వాత వచ్చి కూర్చుంది."

"ఎలా వచ్చిందండీ?"

"అది పుస్తకాల్లో దొరకదు. నా ఊహ చెప్పమంటే చెప్తాను. ఉన్నది తినలేకా ఇవ్వలేకా అల్లాడిపోయే మనిషిని చూసి ముందు ఎవరికో జాలేసి ఉంటుంది. రాన్రానూ జాలి పోయి తిట్టు మిగిలింది." ఆయన కళ్ళజోడు తీసి బకెట్‌లోకి పడుతున్న చుక్కల్ని కాసేపు చూశాడు. "ఈ మాటని ఇప్పుడెవరైనా నోటితో అంటున్నారా అన్నది నాకు కావాలి. ఒక్క చీటీ చాలు. దొరక్కపోతే పాత మాట అని గుర్తు పెట్టి వదిలేద్దాం."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాక అమ్మకి ఇదంతా చెప్పాను. అదే నేను చేసిన మొదటి తప్పు. నాన్న రేషను తేవడానికి వెళ్ళాడు. అమ్మ స్టవ్వు దగ్గర నిలబడి వింటోంది. జాలి సంగతి చెప్పేసరికి గరిటె తిప్పడం ఆపేసింది. 

అప్పుడు అంది. రెండే రెండు వాక్యాలు. మొదటి దాంట్లో కృపణుడు అన్న మాట ఉంది. రెండోదాంట్లో వంటింటి వస్తువేదో ఉంది, దాంతో నాన్నని పోల్చింది. ఆయన ఇవ్వనివాడు కాదని, ఇవ్వడం చేతకానివాడని, పెళ్ళైన కొత్తలో అది చూస్తే ఒళ్ళు మండేదని, తర్వాత తర్వాత జాలేసిందని, ఆ జాలి వల్లే ఆయన తనకి దగ్గరైపోయాడని, ఇంకెవరి మీదా తనకి అంత ప్రేమ లేదని ఆ మాటల సారం. ఇప్పుడు మీకు చెప్పింది సారమే. అది కూడా నా మాటల్లో.

"రాసుకో," అంది.

పెన్ను నా చేతిలోనే ఉంది. "ఇది పనికిరాదమ్మా. ఆ మాట నేను నేర్పాను కదా. మనం నేర్పిన మాటని మళ్ళీ మనకే అప్పజెబితే అది సాక్ష్యం కాదు."

"నువ్వు నేర్పింది ఒక్క మాటే కదే. తక్కినదంతా నాదే."

"పెద్దాయన ఒప్పుకోరమ్మా. రూలు."

"ఆ రూలూ నువ్వూ! సరేలే." మళ్ళీ గరిటె అందుకుంది. "మీ నాన్నకి మాత్రం చెప్పకు. నెత్తికెక్కి కూర్చుంటాడు."

నేను పెన్నుకి మూత పెట్టేశాను.

తర్వాత తొమ్మిదో రోజున ఆసుపత్రి నుంచి ఆఫీసుకి ఫోను వచ్చింది. నేను వెళ్ళేసరికి అమ్మ మంచం మీద ఉంది. మొహం ఒకపక్కకి జారిపోయి ఉంది. కుడిచెయ్యి పక్కనే పడి ఉంది గాని అది ఆవిడది కానట్టే ఉంది. నాన్న తడిసిన బట్టల్తో, మడిచిన గొడుగుతో గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఎన్నింటికి మొదలైందన్నారు?" డాక్టరు అడుగుతున్నాడు.

"ఎనిమిదిన్నరకండి. చేతిలోంచి గరిటె పడిపోయింది. మాట ముద్దగా వచ్చింది."

"మీరొచ్చింది పదకొండున్నరకి. మూడు గంటలసేపు ఏం చేశారు?"

"బస్సు కోసం ఆగామండి. వానకి ఆలస్యమైంది. మధ్యలో ఇంకో బస్సు మారాలి."

"టాక్సీ దొరకలేదా?"

వానరోజు కదా, దొరకలేదంటే సరిపోయేది. ఎవరూ కాదనేవాళ్ళు కాదు.

"దొరికిందండి," అన్నాడు నాన్న. "రెండు ఖాళీగానే వెళ్ళాయి. ఒకాయనైతే ఆపి అడిగాడు కూడా. నేనే వద్దన్నాను."

డాక్టరు ఆయన వంక ఒకసారి చూసి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. "ముందే వచ్చుంటే ఇచ్చే మందు ఒకటుంది. ఇప్పుడది ఇవ్వలేం. మనం చెప్పేది ఆవిడకి తెలుస్తుంది. తిరిగి చెప్పడానికే మాట రాదు. ఎంతవరకు వస్తుందో చూద్దాం," అన్నాడు.

వరండాలో నాన్నని పట్టుకున్నాను. అంతవరకు నేను నాన్నతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు.

"నువ్వసలు మనిషివేనా నాన్నా?"

"వస్తుందనుకున్నానమ్మా, బస్సు," అన్నాడు. "ఇదిగో వస్తుంది, ఇదిగో వస్తుంది అనుకున్నాను."

పదిహేను రోజులకి అమ్మని ఇంటికి తెచ్చాం. నాన్న ఫ్యాక్టరీకి సెలవు పెట్టాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో అంతకుముందు ఆయన పెట్టింది ఒకే ఒక్క రోజు, నేను పుట్టిన రోజు. మిగిలినవన్నీ అలాగే దాచుకున్నాడు. లెక్క చూస్తే రెండు వందల పన్నెండు రోజులున్నాయని గుమస్తా ఆశ్చర్యపోయాడట. "అన్నీ రాసుకోండి," అన్నాడట నాన్న.

అమ్మ పనులన్నీ ఆయనే చేసేవాడు. స్నానం చేయించేవాడు, జడ వేసేవాడు. జడ మాత్రం ఎప్పుడూ ఒకవైపుకి పోయేది. గదిలో పట్టపగలు కూడా లైటు వేసే ఉంచేవాడు. నేను మూడు వారాలు ఆయనతో మాట్లాడలేదు. ఎదురుగా కూర్చుని తింటూ కూడా మాట్లాడలేదు. ఆయన కూడా మాట్లాడించలేదు. అమ్మ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసేది. అంతకాలం ఆ ఇంట్లో గొంతన్నది ఎవరిదో అప్పుడు తెలిసింది మాకు.

వారానికి రెండుసార్లు మాట నేర్పే టీచరమ్మ వచ్చేది. నా వయసే ఉంటుంది. ఒకరోజు నాన్నని కూర్చోబెట్టి చెప్పింది.

"మీరు ఆవిడతో మాట్లాడుతూ ఉండాలండీ. ఆవిడ ఎప్పుడూ అనే మాటలే తీసుకోండి. సగం అని ఆపండి. ఒక్కోసారి మిగతా సగం ఆవిడ నోటి నుంచి దానంతటదే వచ్చేస్తుంది. అలవాటైన మాటలు లోపల ఎక్కడో అలాగే ఉంటాయి."

నాన్న తలూపాడు. టీచరమ్మ వెళ్ళాక అమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. పాపం, ఆయన దగ్గర ఏముందని? అరగంట అలా కూర్చుని, లేచి వంటింట్లోకి వచ్చాడు.

"అమ్మా, ఆ చీటీలు ఉన్నాయా?"

మూడు వారాల తర్వాత ఆయన నన్ను అడిగిన మొదటి మాట అది.

"అవన్నీ నిన్ను తిట్టినవే నాన్నా."

"తెలుసు. మీ అమ్మ మాటలు ఇంకెక్కడ ఉన్నాయి చెప్పు?"

అసలు చీటీలు ఆఫీసు దాటకూడదు. కూర్చుని అన్నీ నకలు రాసుకుని తెచ్చాను. అరవై నాలుగు లెక్క తేలాయి. ఒకవైపే రాశాను. నాన్న వెనక్కి తిప్పి కూడా చూడలేదు.

మర్నాటి నుంచి మొదలుపెట్టాడు. పొద్దున్న కాఫీ అయ్యాక కుర్చీ లాక్కుని, గుడ్డ మీద సుద్దగీత వెంట కత్తెర నడిపినట్టు అక్షరాల కింద వేలు పెట్టుకుని చదివేవాడు. గొంతులో హెచ్చూ తగ్గూ ఉండేది కాదు. ఒక్క ముక్క కూడా వదిలేవాడు కాదు.

"మాట, కక్కుర్తి. 'పక్కింటివాళ్ళు పారేసిన గుండీ కూడా ఏరుకొస్తాడు, అంత కక్కుర్తి మనిషిని నేనెక్కడా చూళ్ళేదు.' చెప్పింది, భార్య. ఎవరి గురించి, భర్త."

అమ్మ వినేది. మొదటి రోజు కళ్ళు మూసుకుని పడుకుంది. రెండో రోజు కళ్ళు తెరిచింది. నాలుగో రోజు నాన్న కాకి చీటీ తీశాడు.

"'ఎంగిలి చేత్తో...'" అని ఆగాడు.

అమ్మ పెదవి కదిలింది.

"'ఎంగిలి చేత్తో...'" మళ్ళీ అన్నాడు.

"కా," అంది అమ్మ. మొహం ఎర్రబడింది. "కా... కి."

నాన్న చీటీ మీద నుంచి తలెత్తలేదు. వేలు అక్కడే ఉంది. "'కాకిని తోలే మనిషేనా ఈయన?'" అని పూర్తిచేసి, "కాదు, తోలడు. తోలడు మరి," అన్నాడు. మొహంలో బాగున్న సగంతో అమ్మ నవ్వింది. నేను గుమ్మం దగ్గరే నిలబడి ఏడ్చేశాను. ఆ రోజు నుంచి నాన్నతో మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టాను.

తర్వాత ఒక నెల, అంత బాధలోనూ, మా ఇల్లు మళ్ళీ ఇల్లులా ఉంది. ఒక్కో మాటే వచ్చేది. కాకి, కొసరు, కొండ. టీచరమ్మకి చీటీల సంగతి చెబితే పగలబడి నవ్వింది. తనని తిట్టిన తిట్లు తనే పెళ్ళానికి నేర్పే మొగుణ్ణి ఇంతవరకు చూడలేదంది. నాన్న సిగ్గుపడ్డాడు.

చీటీలన్నీ మూడుసార్లు తిరిగాయి. నాలుగోసారి మొదలుపెట్టేసరికి అమ్మ విసుక్కోసాగింది. నాన్న చీటీ తియ్యగానే తల అడ్డంగా ఊపేది. ఇంకోటి తీస్తే అదీ కాదనేది. ఎడంచేత్తో కట్టంతా లాక్కుని ఒళ్ళో పరుచుకుని వెతికేది. వెతికి వెతికి కింద పడేసేది.

"ఏదో కావాలంటోంది," అన్నాడు నాన్న. "అన్నీ తెచ్చావు కదమ్మా?"

"అన్నీ తెచ్చాను నాన్నా."

అప్పుడు అమ్మ నా వైపు తిరిగింది. నా మొహంలోకి సూటిగా చూస్తూ, అన్నాళ్ళలో మొదటిసారి ఒక మాట మొత్తం తడబాటు లేకుండా అంది.

"రాసుకో."

నాన్న కుర్చీలోంచి లేచిపోయాడు. "వచ్చింది! మాట వచ్చింది! విన్నావా?" అని అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. అమ్మ ఆయన వంక చూడలేదు. నన్నే చూస్తోంది. చూస్తూ ఎడంచేతి వేలితో నాన్నని చూపించింది. నాకు అప్పుడే అర్థమైంది. బస్టాపు సంగతి మోస్తూ ఈ మనిషి రోజురోజుకీ ఎలా చిక్కిపోతున్నాడో ఆవిడ మంచం మీద నుంచి చూస్తూనే ఉంది. ఆయనకి ఏం చెప్పాలో ఆవిడకి తెలుసు. ఆ చెప్పాల్సింది ముందే నాకు చెప్పి ఉంచింది కూడా.

"నాన్నా, అమ్మ నీ గురించి ఇంకోటి అంది. అది రాయలేదు."

"తిట్టా?"

"కాదు."

నాన్న చీటీలు పక్కన పెట్టి, మెల్లిగా కుర్చీలో కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకున్నాడు. "ఏమంది?"

చెప్పబోయాను. కృపణుడంటే మొదట్లో అర్థమేమిటో చెప్పాను. "నువ్వు ఇవ్వనివాడివి కాదంది నాన్నా. మూత బిగుసుకుపోయిన డబ్బాలాంటివాడివి, అంతేనంది."

అమ్మ తల అడ్డంగా ఊపింది.

"మూత కాదా? తలుపు గడియా?"

కాదు.

వంటింట్లోకి పరిగెత్తాను. గరిటె తెచ్చి చూపించాను, కాదంది. జల్లెడ తెచ్చాను, అదీ కాదంది. పట్టకారు, చిల్లు పడ్డ గిన్నె, సగం విరిగిన చాకు, ఉప్పు సీసా అన్నీ తెచ్చి మంచం మీద పెట్టాను. పెట్టినదల్లా ఆవిడ కాదంటూనే ఉంది. పెట్టిన కొద్దీ ఆవిడ కళ్ళల్లో నీళ్ళు పెరుగుతున్నాయి. ఆవిడ లోపల ఆ వాక్యం మొత్తం ఉంది, ఒక్క మాట కూడా చెదరలేదు. బయటికి రాదు. బయట ఉన్న నా దగ్గర లేదు.

"జాలి అన్నావు కదమ్మా? జాలి వల్లే దగ్గరయ్యాడన్నావు కదా?"

అమ్మ అవునని ఊపింది, కాదని ఊపింది, చివరికి గోడ వైపు తిరిగిపోయింది. ఒళ్ళంతా కదిలిపోతూ ఏడ్చింది.

"ఇక చాలమ్మా," అన్నాడు నాన్న. "ఆవిణ్ణి ఏడిపించకు." మంచం మీద గిన్నెలూ గరిటెలూ ఒక్కొక్కటే తీసి చప్పుడు కాకుండా లోపల పెట్టొచ్చాడు. తర్వాత కుర్చీ మంచానికి అటువైపు వేసుకుని అమ్మ మొహానికి ఎదురుగా కూర్చున్నాడు.

మర్నాడు ఆఫీసులో పెద్దాయనకి అంతా చెప్పాను.

"రాయాల్సిందమ్మా," అన్నాడు.

"నేర్పిన మాట పనికిరాదని మీరే కదండీ..."

"పుస్తకంలోకి పనికిరాదన్నాను. ఇంట్లో అమ్మ మాట రాసుకోవద్దని ఎప్పుడన్నాను?"

ఆ రోజు ఇంక నేను పని చెయ్యలేకపోయాను.

వానలు వెలిసిన వారానికి అమ్మకి పక్షవాతం రెండోసారి వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళ. నాన్న వీధిలోకి చెప్పుల్లేకుండా పరిగెత్తి కనపడిన మొదటి కారుకి అడ్డం పడ్డాడు. ఇరవై నిమిషాల్లో ఆసుపత్రికి చేరాం. ఆ ఇరవై నిమిషాలూ ఈసారి అక్కరకు రాలేదు. సాయంత్రానికి అమ్మ పోయింది.

'క' సంపుటం అప్పటికే, అనుకున్న వేళకి, ప్రెస్సుకి వెళ్ళిపోయింది. ఇంకా సెలవులు చాలా మిగిలున్నా నాన్న మళ్ళీ ఫ్యాక్టరీకి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఒకరోజు భోజనం చేస్తూ, కంచంలోకి చూస్తూ అడిగాడు.

"ఆ మాట... మీ అమ్మ ఏమంది?"

చెప్పాను. ఆయన విని, తలూపి, తినేసి లేచాడు. నాలుగు రోజులు పోయాక మళ్ళీ అడిగాడు, మళ్ళీ చెప్పాను. అలా ఐదారుసార్లు అయింది. అడిగినప్పుడల్లా పిల్లలు కథ వినడానికి కూర్చున్నట్టు కూర్చునేవాడు. ఒక ఆదివారం పొద్దున్న నేను చెబుతుండగా చెయ్యెత్తి ఆపాడు.

"మొన్న ఇవ్వడం చేతకాదంది అన్నావు. ఇవాళ ఇవ్వడానికి చెయ్యి రాదంది అంటున్నావు. ఏదమ్మా మీ అమ్మ అన్నది?"

గుడ్డలో దారప్పోగు తేడా పట్టేసే మనిషి ఆయన.

"సరిగ్గా గుర్తులేదు నాన్నా. కానీ అంది. ఒట్టు, అంది."

నాన్న ఎత్తిన చెయ్యి దించాడు.

"బస్టాపులో కూడా ఏదో చెబుతూనే ఉందమ్మా మీ అమ్మ. గంటసేపు. నా చొక్కా పట్టుకుని లాగి మరీ చెప్పింది. మాట ముద్దగా వస్తోంది, నాకేమో అర్థం కాదు. నేను బస్సు వచ్చే వైపు చూస్తున్నాను. నువ్వు ఈ మాట చెప్పిన దగ్గర్నుంచీ, అదే అని ఉంటుందేమో అనుకుంటున్నాను. దీనికి కూడా జాలిపడి, ఏం ఫరవాలేదులెండి అని ఉంటుందేమోనని."

"అదే అయ్యుంటుంది నాన్నా."

ఆయన నా మొహంలోకి చూశాడు. నేను కళ్ళు దించకుండా ఉండటానికి ఎంత ప్రయత్నించానో నాకే తెలుసు.

"కాదులే అమ్మా," అన్నాడు మెల్లిగా. "టాక్సీ అని ఉంటుంది."

లేచి చొక్కా తొడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు.